కొడుకు దగ్గరికి వెళ్లాలంటే గాజువాక ఇల్లు అమ్మాలా?

ప్రశ్న: నాకు 66 ఏళ్లు, మా ఆవిడకు 61. ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. గాజువాకలో 120 గజాల్లో సొంత ఇల్లుంది. కింద మేముంటాం, పై వాటా 8,500కి అద్దెకిచ్చాం. పీఎఫ్ పెన్షన్ 3,400. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో 15 లక్షలు, విడిగా బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. మందులతో కలిపి నెల ఖర్చు 20 వేలు. అబ్బాయి, కోడలు మధురవాడలో అద్దెకుంటూ ఋషికొండలో ఉద్యోగాలు చేస్తున్నారు. మనవడికి ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ అంత దూరం వెళ్లి రాలేకపోతోంది. ఇల్లు అమ్మితే 70 లక్షలు వస్తాయంటున్నారు. దానికి కొంత లోను కలిపి తన పేరున పెద్ద ఫ్లాటు కొంటాననీ, అందరం కలిసి ఉందామనీ అబ్బాయి అంటున్నాడు. మా ఆవిడకు దగ్గర్లో ఉండాలనే ఉంది గానీ ఒకే ఇంట్లో అంటే టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అన్నయ్యగారూ, మధురవాడ వెళ్లండి, ఇల్లు మాత్రం అమ్మకండి. వదినగారి మాటే నా మాట కూడా. మేమూ సీతమ్మధారలో మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకుంటున్నాం. సాయంత్రం మనవరాలు వచ్చి హోంవర్క్ చేసుకుంటుంది, ఎనిమిదింటికి వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తాడు. టీవీ ఎంత సౌండు పెట్టుకోవాలో, రాత్రికి చపాతీలో చారన్నమో ఎవరింట్లో వాళ్లే తేల్చుకుంటాం. అందుకే ఆదివారం అందరం కలిసి భోంచేస్తుంటే సంతోషంగా ఉంటుంది.

ఇక లెక్కలోకి వద్దాం. మీ 15 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తుంది. అంటే నెలకు 10,250. పెన్షన్, పై వాటా అద్దె కలిపితే 22,150. ఇల్లు అమ్మిన మర్నాటి నుంచి అద్దె ఉండదు, చేతికొచ్చేది 13,650. ఫ్లాటు అబ్బాయి పేరున, నెల మెయింటెనెన్స్ అదనం. ఆ మిగతా ఖర్చుకు ప్రతి నెలా కొడుకు దగ్గర చెయ్యి చాచాలి. అబ్బాయి మంచివాడే, కాదనను. బ్యాంకులో పెన్షనర్ల పనులు చూసినన్నాళ్లూ మంచి పిల్లల తల్లిదండ్రులే డబ్బు అడగడానికి ఎక్కువ మొహమాటపడటం చూశాను.

ఇంకొకటి ముఖ్యంగా ఆలోచించండి. పీఎఫ్ పెన్షన్‌కు డీఏ (కరువు భత్యం) లేదు, మొదట ఎంతో ఎప్పటికీ అంతే. పోస్టాఫీసు వడ్డీ కూడా చేరిన రోజు రేటే ఐదేళ్లూ. బియ్యం, కూరగాయలు, మందుల ధరలు పెరిగినప్పుడు మీ ఆదాయంలో వాటితో పాటు పెరిగేది ఇంటి అద్దె ఒక్కటే. దాన్నే అమ్ముకుంటానంటున్నారు.

కింద వాటా కూడా అద్దెకివ్వండి. పైదానికి 8,500 వస్తుంటే కిందికి 10 వేలు అడగొచ్చు. రెండూ కలిపి 18,500. మధురవాడలో మెయిన్ రోడ్డు మీద అపార్ట్‌మెంటుకు వెళ్తే అద్దె, మెయింటెనెన్స్ కలిసి ఇదంతా అక్కడికే పోతుంది. పీఎం పాలెం, కొమ్మాది లోపలి వీధుల్లో ఇండిపెండెంట్ ఇళ్లు చూడండి. కింద వాటా, ఒక బెడ్రూమ్ చాలు, మెట్లుండవు, మెయింటెనెన్స్ ఉండదు. 11 వేలలో దొరికితే మీ చేతిలో 21,150 మిగులుతుంది. ఇప్పటికంటే వెయ్యి తక్కువ, అంతే. ఇంటి పన్ను, సున్నాలు, చిన్న రిపేర్లు అబ్బాయిని చూసుకోమనండి. లోను వాయిదా కట్టడానికి సిద్ధపడ్డవాడికి అది భారం కాదు, ఇది సూటిగా ముందే చెప్పండి. ఆ 5 లక్షల ఎఫ్‌డీని ఇంటి కోసం కదపొద్దు, అది ఆసుపత్రికి. హనుమంతవాక దగ్గర విమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి మీకు ఇప్పటికంటే దగ్గరవుతుంది, అది మరో లాభం.

అమ్మకంలో ఇంకో చిక్కుంది. పాత ఇల్లు అమ్మిన లాభంతో రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది, కానీ కొత్త ఇల్లు మీ పేరున కాకుండా కొడుకు పేరున ఉంటే పేచీ వస్తుంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది కదా అనొచ్చు. పిల్లలకు రాసిచ్చిన ఆస్తిని ఆర్డీవో ట్రిబ్యునల్ ద్వారా వెనక్కి తీసుకునే వీలుంది, నిజమే. కానీ మమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చినట్టు ఉండాలి. కొడుకు మీద ప్రేమతో ఇచ్చేటప్పుడు ఆ షరతు ఎవరు రాయిస్తారు చెప్పండి? అంతవరకూ రాకుండా ఇల్లు మీ పేరునే ఉంచి, మీ తర్వాత వదినగారికి, ఆవిడ తర్వాత అబ్బాయికి చెందేలా వీలునామా రాయండి.

రివర్స్ మార్ట్‌గేజ్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 60 దాటినవాళ్లు తాము ఉంటున్న సొంత ఇంటిని బ్యాంకుకు తనఖా పెట్టి నెలనెలా డబ్బు తీసుకునే పద్ధతి అది. మీరు అద్దెకు వెళ్తే అది కుదరదు. మీకు ఇప్పుడు దాని అవసరమూ లేదు.

ఇల్లు చూసేటప్పుడు వేసవిలో నీళ్లెలా వస్తాయో పక్కింటివాళ్లను అడగండి. కుళాయా, బోరా, ట్యాంకరా అన్నది ఓనర్ చెప్పేదాని కంటే వాళ్లే సరిగ్గా చెబుతారు. బాత్రూమ్‌లో పాశ్చాత్య పద్ధతి కమోడ్ ఉండాలి, పట్టుకునే రాడ్ మీరే బిగించుకుంటామని ముందే ఒప్పించుకోండి. ఋషికొండ వైపు సముద్రానికి మరీ దగ్గరగా వద్దు. ఉప్పు గాలికి గ్రిల్స్, ఫ్రిజ్ వెనక భాగం, సైకిల్ అన్నీ తుప్పు పడతాయి. అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకోండి. గాజువాకలో కింద వాటాకు అద్దెదారు కుదిరి, అడ్వాన్స్ చేతికొచ్చాకే మధురవాడలో అడ్వాన్స్ ఇవ్వండి.