మోవిస్టార్ లాంటి పాత సైక్లింగ్ జట్లు కొత్త పద్ధతులకు ఎందుకు మారలేకపోతున్నాయి?

డబ్బు లేకనే మారడం లేదా అని అడిగారు. డబ్బు కొరత నిజమే, కానీ నేను చూసినంతలో అసలు చిక్కు వేరే ఉంది. నిర్ణయాలు తీసుకునే కుర్చీల్లో ఉన్నది పాత పద్ధతిలో గెలిచినవాళ్లే.

నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. వారాంతాల్లో ఇక్కడి ఒక పాత సైక్లింగ్ క్లబ్‌లో జూనియర్లకు సాయం చేస్తుంటాను. జట్టును చూసుకునే పెద్దాయన ఒకప్పుడు మంచి రేసర్. రేసు రోజు పొద్దున్నే ఒక్కో టైరునూ బొటనవేలితో నొక్కి చూస్తాడు. రాయిలా ఉంటే తప్ప ఊరుకోడు. 23 మిల్లీమీటర్ల టైరు, 8 బార్ గాలి, అంతే. 28 మిల్లీమీటర్ల టైరు వేసి గాలి తగ్గిస్తే గతుకుల రోడ్డు మీద సైకిల్ ఎగిరిపడదు, అదే శ్రమకు వేగం ఎక్కువొస్తుంది అని కుర్రాళ్లు పవర్ మీటర్ (తొక్కే బలాన్ని కొలిచే పరికరం) లెక్కలు తీసి చూపించారు. ఆయన ఓపిగ్గా విన్నాడు, కాదనలేదు. తర్వాతి రేసుకు మళ్లీ పంపు అందుకున్నాడు. దాన్ని మొండితనం అనడానికి నాకు మనసొప్పదు. ఆ గట్టి టైర్ల మీదే కదా ఆయన గెలిచింది!

పెద్ద జట్లలోనూ ఇదే కథ. రైడర్ రిటైరయ్యాక అక్కడే జట్టు డైరెక్టర్ అవుతాడు, తనకు తన డైరెక్టర్ నేర్పిందే రేసు వెంట వెళ్లే కారులోంచి రేడియోలో రైడర్లకు చెబుతాడు. స్పెయిన్ జట్టు మోవిస్టార్ 1980లో రేనాల్డ్స్‌గా మొదలైంది. స్పాన్సర్ల పేర్లు మారాయి గానీ జట్టు మేనేజర్ ఎవుసేబియో ఉంజుయే ఆ రేనాల్డ్స్ కాలం నుంచీ ఉన్నారు. 1988లో డెల్గాడో, 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు ఇందురైన్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది ఈ జట్టులోనే. అంత గెలిచిన ఇంట్లో "మన పద్ధతి తప్పు" అని కొత్తగా వచ్చిన న్యూట్రిషనిస్ట్ ఎలా అనగలడు? అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంటారు, అతని మాటకు అధికారం మాత్రం ఇవ్వరు.

దీనికి తోడు పాయింట్ల టెన్షన్. రేసుల్లో తెచ్చుకున్న పాయింట్లను బట్టే పై స్థాయి అయిన వరల్డ్‌టూర్‌లో చోటు నిలుస్తుంది. రేసుల టీవీ డబ్బులో జట్లకు వాటా లేదు, బతుకంతా స్పాన్సర్ల మీదే. 2020-22 మూడేళ్ల పాయింట్ల లెక్కలో వెనకబడి బెల్జియం జట్టు లొట్టో సౌదాల్ వరల్డ్‌టూర్ నుంచి కిందికి దిగిపోయింది. 2022లో మోవిస్టార్ కూడా ఆ ప్రమాదం అంచుదాకా వెళ్లింది. ఈ వారం చిన్న రేసులో పాయింట్లు ఏరుకోవాల్సినవాడు మూడేళ్ల తర్వాత ఫలితమిచ్చే పనికి ఎక్కడ కూర్చుంటాడు?

మరి పాత జట్టు మారనే మారదా అంటే, మా దగ్గరే ఒకటి మారింది. దాని స్పాన్సరైన డచ్ బ్యాంకు రాబోబ్యాంక్ 2012లో డోపింగ్ గొడవల మధ్య తప్పుకుంది. 2013లో అసలు స్పాన్సరే లేక ఆ జట్టు బ్లాంకో పేరుతో రోడ్డెక్కింది. మేనేజర్ రిచర్డ్ ప్లుగ్గే చేతికొచ్చాక కొత్తగా కట్టుకుంటూ వచ్చారు. స్కీ జంపింగ్ చేసిన రోగ్లిచ్‌ను, చేపల ఫ్యాక్టరీలో పనిచేసిన వింగెగార్డ్‌ను తెచ్చుకున్నారు. ఎవరు ఎన్ని గ్రాములు తినాలో చెప్పే యాప్ చేయించారు. 2023లో యుంబో-విస్మా పేరుతో ఒకే ఏడాది మూడు గ్రాండ్ టూర్లూ (ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో జరిగే మూడు వారాల రేసులు) గెలిచింది ఆ జట్టే.

మోవిస్టార్‌కు అలాంటి దెబ్బ తగల్లేదు. 2011 నుంచి ఒకే స్పాన్సర్ నిలబడింది. మెకానిక్‌లకూ మసాజ్ చేసేవాళ్లకూ అది పెద్ద భరోసా, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అందువల్లే ఆ కుర్చీల్ని కదపాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.