రక్తపరీక్షతో క్లోమ క్యాన్సర్ ముందే తెలుస్తుందా?

ప్రశ్న: నాన్నగారు క్లోమ (ప్యాంక్రియాస్) క్యాన్సర్‌తో పోయారు. రోగనిరోధక కణాలకు, రక్తంలోని మెటబొలైట్లకు (శరీరం ఆహారాన్ని వాడుకునేటప్పుడు తయారయ్యే చిన్న పదార్థాలకు) ఈ జబ్బుతో జన్యు సంబంధం ఉందని చదివాను. ఆ పరీక్షలు చేయించుకోనా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: వాటికి డబ్బు పెట్టకండమ్మా. ఆ అధ్యయనాలు పుట్టుకతో వచ్చిన జన్యు తేడాలను బట్టి, వేలమందిలో ఏది కారణం కావచ్చో అంచనా కడతాయి. మీ ఒక్కరి ముప్పు చెప్పలేవు. మెటబొలైట్లలో ల్యూసిన్, వాలిన్ వంటి అమైనో ఆమ్లాలు జబ్బు బయటపడడానికి 2–5 ఏళ్ల ముందే పెరగవచ్చు, నిజమే. కానీ షుగరులోనూ, ఊబకాయంలోనూ అవి పెరుగుతాయి. ఈ క్యాన్సర్‌కు గుర్తుగా రక్తంలో కొలిచే సీఏ 19-9 అనే పదార్థాన్ని కూడా నమ్మలేం: పిత్తనాళంలో రాయి అడ్డుపడినా పెరుగుతుంది, కొందరిలో క్యాన్సర్ ఉన్నా పెరగదు.

మీరు అడగాల్సింది బీఆర్‌సీఏ2, ఏటీఎం వంటి జన్యువుల పరీక్ష; వాటిలో పుట్టుకతో లోపం ఉంటే ఈ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ముందుగా ఇంట్లో ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందో రాసి జెనెటిక్ కౌన్సెలర్‌కు (వంశపారంపర్య జబ్బుల ముప్పుపై సలహా ఇచ్చే నిపుణులకు) చూపించండి. 50 దాటాక కొత్తగా షుగరొచ్చి, బరువూ తగ్గుతుంటే మాత్రం ఆగొద్దు. క్లోమానికి సీటీ స్కాన్ అవసరమేమో డాక్టరుని వెంటనే అడగండి.