వీడియోలు ఆపి, నాన్నగారి మేత పుస్తకం తెరవండి

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. నెల్లూరులో బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. నాన్న వనామీ రొయ్యల గుంటలు చూసుకుంటారు. ఉద్యోగం కోసమని కాదు, ప్రోగ్రామింగ్ అంటే ఇష్టం. ఆరు నెలలుగా పైథాన్ వీడియోలు చూస్తున్నాను. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, సొంతంగా రాయబోతే ఒక్క వరుసా రాదు. కోర్సులో చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. పాఠాలు మీకు సరిపడా అందాయి, వాటితో చేయాల్సిన పనే ఇంకా దొరకలేదు. అది మీ ఇంట్లోనే ఉంది.

ఏ పూట ఎంత మేత వేశారో నాన్నగారు రాసి ఉంచుతారు కదా. అప్పుడప్పుడు వల విసిరి, పడిన రొయ్యలను తూచి కౌంట్ కడతారు. 20 రొయ్యలు 400 గ్రాములు తూగితే కిలోకు 50, అంటే 50 కౌంట్. ఈ లెక్క చేసే ప్రోగ్రాం పది వరుసలు దాటదు. మొదట అదే రాయండి. తర్వాత మేతకూ బరువుకూ నిష్పత్తి: 1,300 కిలోల మేతకు 1,000 కిలోల రొయ్య వస్తే 1.3. బీకాం చదివేవారికి ఇదొక లెక్కా!

అయినా తప్పులొస్తాయి. పొద్దున 12 కిలోలు, సాయంత్రం 13 అని టైపు చేస్తే మొత్తం 1213 అని చూపుతుంది. మనం టైపు చేసిన అంకెలను పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుంది, సంఖ్యలుగా మార్చాకే కూడుతుంది. ఈ సంగతి వీడియోల్లో ఎన్నిసార్లు విన్నారో! ఒక్క గుంటలో ఒక్క రోజే 1,213 కిలోల మేత పడిందని తెర మీద చూశాక మాత్రం మరిచిపోలేరు.

ప్రోగ్రాం ఆపగానే అంకెలన్నీ పోతున్నాయని కొన్నాళ్లకు విసుగొస్తుంది. ఫైల్లో దాచడం అప్పుడు నేర్చుకోండి, అంతకుముందు వద్దు. అంకెల మధ్య కామాలు పెట్టి దాచే సాదా సీఎస్‌వీ ఫైలు చాలు, ఎక్సెల్‌లోనూ తెరుచుకుంటుంది. ఆక్సిజన్ సెన్సార్లు, మొబైల్ యాప్‌ల జోలికి ఈ పంటకు పోకండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ, నీటికి గాలి అందించే ఎరేటర్లను మీ తొలి ప్రోగ్రాం చేతిలో పెడితే నాన్నగారు మిమ్మల్నే కాదు, నన్నూ క్షమించరు.

సరదాకు చేసే పని కదా అని చిన్నచూపు వద్దు. గైడో వాన్ రోసమ్ పైథాన్‌ను మొదలుపెట్టింది 1989 క్రిస్మస్ సెలవుల్లో, కాలక్షేపానికే.

రెండు నెలల తర్వాత ఎక్కడైనా గట్టిగా ఆగిపోతే కోర్సు సంగతి చూద్దాం. ఏం నేర్పాలో అప్పుడు మీరే అడగగలరు. ఈలోగా నాన్నగారి పుస్తకం మాత్రం ఆపించకండి. రొయ్యలు పట్టే రోజున కొనుగోలుదారు కట్టిన కౌంట్‌ను మీ ప్రోగ్రాం చెప్పినదానితో పోల్చి, తేడా ఎంతో నాకు రాయండి.