ఫోను కొనిస్తే చదివాడు, ఇప్పుడు ఇంకేమిస్తారని అడుగుతున్నాడు

ప్రశ్న: మాది ఆదోని. మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏడో తరగతి దాకా బాగా చదివేవాడు, ఎనిమిదిలో వెనకబడ్డాడు. క్లాసులో మొదటి ఐదుగురిలో వస్తే ఫోను కొనిస్తానన్నాను. రెండు నెలలు పట్టుగా చదివి నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. ఫోను చేతికొచ్చాక మళ్లీ పుస్తకం ముట్టలేదు. గట్టిగా అడిగితే ‘ఈసారి ఏమిస్తారు?’ అంటున్నాడు. వాళ్ల మేనమామకు మోటారు వైండింగ్ షాపు ఉంది, అక్కడ మాత్రం గంటల తరబడి కూర్చునేవాడు. అదీ మాన్పించాను. మా అన్న కూతురు విజయవాడలో ఐఐటీ ఫౌండేషన్ చదివి మంచి ర్యాంకు తెచ్చుకుంది. వీణ్ణి కూడా అక్కడి రెసిడెన్షియల్‌లో వేస్తే చదువు మీద ఆసక్తి పుడుతుందా? లేక ఇక్కడి బడిలోనే ఉంచి ట్యూషన్ పెట్టించాలా? ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ ఇస్తామంటున్నారు.

జవాబు: అయ్యా, మీరు రెండు బడులలో ఏది మంచిదని అడిగారు గానీ, మీ మాటల వెనక ఉన్న దిగులు వేరు. పిల్లవాడు చేజారిపోతున్నాడేమో, ఈ ఒక్క ఏడాది పోతే ఇక పట్టుకోలేమేమో అన్నదే మీ భయం. కర్నూలులో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులలో చాలామంది ఇదే భయంతో వస్తారు, ఇదే ప్రశ్న అడుగుతారు. కాబట్టి ముందుగా ఆ భయానికి జవాబు చెబుతాను. పద్నాలుగేళ్ల వయసులో ఒక సంవత్సరం వెనకబడిన పిల్లవాడు చెడిపోయినట్టు కాదు. రెండు నెలలు కూర్చుని నాలుగో స్థానం తెచ్చుకున్నాడంటే అతనికి బుర్ర ఉంది, కుదురుగా కూర్చునే ఓపిక కూడా ఉంది. ఎవరూ బలవంతం చేయకుండానే వైండింగ్ షాపులో గంటల తరబడి గడిపాడంటే నేర్చుకోవాలన్న కోరికకూ లోటు లేదు. మీరు రాసిన దాంట్లో నాకు ఆందోళన కలిగించే విషయం ఒక్కటీ కనిపించలేదు, ఆ షాపు మాన్పించడం తప్ప.

ఫోను సంగతి చూద్దాం. ‘ఈసారి ఏమిస్తారు’ అని అడిగినందుకు మీకు కోపం వచ్చింది. అయితే ఆ బేరం నేర్పింది మీరే. చదువుకు ఒక ధర ఉందని, అది మార్కులు వచ్చాక చెల్లిస్తారని మీరు చెప్పారు, అతను నమ్మాడు. సరుకు ఇచ్చి డబ్బు తీసుకున్నవాడు మళ్లీ సరుకు కావాలంటే మళ్లీ ధర అడగడా? మీ వ్యాపారంలో అది న్యాయమే. అతని వైపు నుంచి చూస్తే ఇక్కడా అది న్యాయమే.

ఈ విషయాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు యాభై ఏళ్ల క్రితమే పరీక్షించి చూశారు. 1971లో అమెరికాలో ఎడ్వర్డ్ డెసీ అనే పరిశోధకుడు కాలేజీ విద్యార్థులకు సోమా అనే ముక్కలు కలిపే పజిల్ ఇచ్చాడు. కొందరికి ఒక విడతలో పరిష్కరించిన ప్రతి ఆకారానికీ డబ్బు ఇచ్చి, తరువాతి విడతలో ఆపేశాడు. డబ్బు ఆగిన తరువాత, మధ్యలో ఖాళీగా వదిలేసిన సమయంలో వాళ్లు ఆ పజిల్‌ను మునుపటికన్నా తక్కువసేపు ముట్టుకున్నారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లోని శిశు పాఠశాలలో, బొమ్మలు గీయడమంటే సహజంగానే ఇష్టమున్న పిల్లలను మూడు జట్లు చేశారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు ముందు చెప్పకుండా, గీసిన తరువాత ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తరువాత మళ్లీ గమనిస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు తక్కిన రెండు జట్లకన్నా దాదాపు సగం సమయమే బొమ్మలకు కేటాయించారు. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

దీన్నిబట్టి పిల్లలకు ఏమీ కొనివ్వకూడదని అనుకోకండి. మొదటి నుంచీ ఇష్టం లేని, యాంత్రికమైన పనికి చిన్న బహుమతి పెడితే పెద్దగా నష్టం ఉండదు. పని బాగా చేశాక, ఏం బాగుందో విడమరిచి మెచ్చుకుంటే మేలే జరుగుతుంది. నష్టమంతా ముందుగా కుదుర్చుకున్న బేరంలోనే ఉంది, ఎందుకంటే అప్పుడు చదువు ఆ వస్తువును అందుకోవడానికి దాటవలసిన అడ్డంకిగా మిగులుతుంది.

మరి ఎనిమిదో తరగతిలోనే ఎందుకు వెనకబడ్డాడు? మీ అబ్బాయిని నేను చూడలేదు. కానీ ఇలా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చదువు మీద మనసు విరిగిన పిల్లలను చాలామందిని చూశాను కాబట్టి, ఎక్కడ వెతకాలో చెప్పగలను. వాళ్ల లెక్కల నోటు పుస్తకం తెరిస్తే అంతా పొందికగా, గుండ్రని అక్షరాలతో, ప్రతి పేజీలోనూ ఎర్ర సిరా టిక్కుతో ఉంటుంది. బీజగణితం లెక్కలు బోర్డు మీద ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించి ఉంటాయి. ఆ పుస్తకం మూసేసి, మైనస్ ఏడులోంచి మైనస్ మూడు తీసేస్తే ఎంత అని అడుగుతాను. కొందరు మైనస్ పది అంటారు, కొందరు నా ముఖం చూస్తారు. ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో పట్టుబడవలసిన ఆ చిన్న విషయం దాటిపోవడంతో, దాని మీద కట్టిన సమీకరణాలన్నీ అర్థం కాని గీతలుగా మారిపోతాయి. రోజుకు ఏడెనిమిది గంటలు అర్థం కాని మాటలు వింటూ కూర్చోవడం ఎంత అవమానంగా ఉంటుందో పెద్దవాళ్లం ఒక్కసారి ఊహించుకోవాలి. చేతకాదని ఒప్పుకోవడంకన్నా ఇష్టం లేదని చెప్పడం పిల్లలకు సులువు, మనకేమో బద్ధకమని తిట్టడం సులువు.

డెసీ, ఆయన సహచరుడు రిచర్డ్ రయాన్ తరువాతి కాలంలో చేసిన కృషి సారాంశం కూడా ఇదే దారిలో ఉంటుంది. ఈ పని నాకు చేతనవుతోంది అన్న నమ్మకం, ఇందులో నా ఇష్టానికి కొంత చోటుంది అన్న భావన, ఇక్కడ నన్ను కావాలనుకునే మనుషులున్నారు అన్న భరోసా, ఈ మూడూ ఉన్నచోట మనిషి తనంతట తానే నేర్చుకుంటాడని వాళ్లు చెప్పారు. ఇప్పుడు మీ బావమరిది షాపు గుర్తు చేసుకోండి. కాలిపోయిన మోటారు వస్తే పాత కాయిల్ ఊడదీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి చూసుకుని, కొత్త కాయిల్ చుట్టి, స్లాట్లలో, అంటే కాయిల్ కూర్చునే గాడుల్లో, కాగితం పెట్టి కూర్చాలి. ముప్పై ఆరు స్లాట్లున్న నాలుగు పోల్స్ త్రీ ఫేజ్ మోటారయితే, ఒక్కో పోల్‌కు ఒక్కో ఫేజ్‌కు ఎన్ని స్లాట్లు వస్తాయో తెలియాలి. నాలుగు పోల్స్‌ను మూడు ఫేజ్‌లతో గుణించి, వచ్చిన పన్నెండుతో ముప్పై ఆరును భాగించి మూడు అని చెప్పగలిగే పిల్లవాడు లెక్క చేసినట్టే కదా? కనెక్షన్ తప్పితే మోటారు తిరగకుండా మూలుగుతుంది, సరిచేస్తే తిరుగుతుంది. తప్పు ఎక్కడుందో ఎవరూ తిట్టకుండానే తెలిసిపోతుంది. పక్కన మేనమామ ఉన్నాడు, చేతికి పని ఇచ్చాడు. పైన చెప్పిన మూడూ అక్కడ ఉన్నాయి. మీరు ఆ ఒక్క చోటికీ తలుపు మూసేసి, ఆసక్తి ఎక్కడ దొరుకుతుందని విజయవాడ వైపు చూస్తున్నారు.

ఇంకొక మాట నిష్ఠూరంగానే చెబుతాను, మన్నించండి. మీ అన్నగారి అమ్మాయి ర్యాంకు ఆ అమ్మాయిది. అన్నం తినేటప్పుడు, పెళ్లిళ్లలో, బంధువుల ఎదుట ఆ ర్యాంకును మీ అబ్బాయి ముందు ఎన్నిసార్లు ఎత్తారో మీకే తెలియాలి. అలా పోల్చడం వల్ల పౌరుషం వచ్చి చదివినవారు నాకు చాలా అరుదుగా కనిపించారు. చదువంటేనే అక్కతో ఓడిపోవడం అనుకుని, పోటీ లేనిచోటికి తప్పుకున్నవారే ఎక్కువ. ఆ అమ్మాయి ఆ వాతావరణంలో నెగ్గిందంటే ముందు నుంచే పునాది గట్టిగా ఉండి, తాను కోరుకుని వెళ్లి ఉండవచ్చు. అదే చోటు మీ అబ్బాయికి సరిపోతుందనడానికి అది ఆధారం కాదు.

ఇక ఆ ఫౌండేషన్ గురించి. ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ లేని బడిని జనం బడిగా లెక్కపెట్టడం లేదు. దీని మీద నాకు మొదటి నుంచీ అనుమానాలున్నాయి, ఏళ్లు గడిచేకొద్దీ అవి బలపడ్డాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడికి సొంత తరగతి పాఠం పూర్తిగా పట్టుబడకముందే పై తరగతుల సూత్రాలు ఇచ్చి, నాలుగు ఎంపికల్లోంచి ఒకటి గుర్తుపట్టే బిట్లు చేయిస్తారు. సూత్రం ఎందుకు పుట్టిందో తెలియకపోయినా జవాబు దొరుకుతుంది, వారాంతపు పరీక్షలో మార్కు పడుతుంది, ఇంటికి మంచి రిపోర్టు వస్తుంది. ఎందుకు అని అడిగే అలవాటు మాత్రం ఆ వయసులోనే పోతుంది. తిరిగి ఇంటర్మీడియట్‌లో అదే ప్రశ్న వేరే రూపంలో వస్తే చేతులెత్తేస్తారు. ర్యాంకుల జాబితా గోడకు అంటించి, దాని ప్రకారం సెక్షన్లు మార్చే చోట, కింది సెక్షన్‌కు దిగిన పిల్లవాడికి తాను ఎందుకూ పనికిరానన్న సంగతి వారం వారం చెప్పినట్టే అవుతుంది. పునాదిలో లోటున్న మీ అబ్బాయి ఏ సెక్షన్‌లో కూర్చోవలసి వస్తుందో మీరే ఆలోచించండి. తెల్లవారుజాము నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్స్ పెడితే పుస్తకం ముందు కూర్చుంటాడు, అది నిజమే. కూర్చోబెట్టడం ఎవరైనా చేయగలరు, మీ ఫోను కూడా చేసింది.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు 16 ఏళ్లలోపు పిల్లలను కోచింగ్ కేంద్రాలలో చేర్చుకోరాదని, పదో తరగతి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలని చెప్పాయి. అదే కోచింగ్‌ను బడి టైంటేబుల్‌లో కలిపేసి ఫౌండేషన్ అని పేరు పెడితే పిల్లల మీద పడే బరువు తగ్గుతుందా? అదే సంవత్సరం ఐఐటీ ప్రవేశానికి తొలి మెట్టయిన జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైగా ఉండగా, 23 ఐఐటీలలో కలిపి ఉన్న సీట్లు 17,740. ఈ లెక్క మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. పిల్లవాడి మూడు నాలుగేళ్ల జీవితాన్ని ఆ ఒక్క తలుపు కోసమే తీర్చిదిద్దకూడదని చెబుతున్నాను.

హాస్టల్ అంటేనే చెడ్డదని నేను అనను. మీకు దగ్గరలోనే ఉన్న బనవాసి నవోదయలోనూ పిల్లలు హాస్టల్లోనే ఉంటారు, చక్కగా చదువుతారు. ఇంట్లో చదువుకు వీలులేని పరిస్థితి ఉన్నా, పిల్లవాడు తానే వెళ్తానని అడిగినా రెసిడెన్షియల్ మేలు చేస్తుంది. మీ ఇంట్లో ఆ రెండూ లేవు. శిక్షగా పంపిన హాస్టల్‌లో పిల్లవాడికి మొదట అర్థమయ్యేది తనను ఇంట్లోంచి పంపేశారనే. కాబట్టి ఇక్కడి బడిలోనే ఉంచండి. ట్యూషన్ పెట్టించండి గానీ, తొమ్మిదో తరగతి పాఠాలనే రెండోసారి చెప్పే ట్యూషన్ వద్దు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలలో రుణ సంఖ్యలు, భిన్నాలు, సామాన్య సమీకరణాలు ఎక్కడ తెగిపోయాయో వెతికి, అక్కడి నుంచి మొదలుపెట్టే ఉపాధ్యాయుడిని చూడండి. రోజుకు నలభై నిమిషాలు చాలు. ఆ నలభై నిమిషాలు సాయంత్రమా, పొద్దున్నా అన్నది అతన్నే ఎంచుకోనివ్వండి. కొద్ది వారాలలో తనకు రాని లెక్క తానే చేయగలిగితే వచ్చే మార్పు మీరే చూస్తారు. అప్పుడు కూడా ‘మా వాడు తెలివైనవాడు’ అని పొగడకండి, ఏ లెక్క ఎలా చేశాడో అడిగి వినండి.

ఫోను లాక్కోవద్దు, మాట ఇచ్చి కొనిచ్చారు. కానీ రాత్రి ఒక గంట ఇంట్లో అందరి ఫోనులూ పక్కన పెట్టే నియమం పెట్టండి. అందులో యార్డు ధరలు చూసే మీ ఫోను కూడా ఉండాలి. కొత్త బేరాలు పెట్టకండి, ‘ఈసారి ఏమిస్తారు’ అని అడిగితే ‘ఏమీ ఇవ్వను, నీకు అర్థం కానిది అర్థమయ్యే దాకా నీతో ఉంటాను’ అని చెప్పండి. మొదట్లో ముఖం చిట్లిస్తాడు, మార్కులు ఒక పరీక్షలో తగ్గినా తగ్గుతాయి. కంగారు పడకండి. ఆదివారాలు మేనమామ షాపుకు పంపండి. మల్టీమీటరుతో కాయిల్ నిరోధం కొలిచి రాసుకునే పని అతనికి అప్పగించమని మీ బావమరిదికి చెప్పండి. వచ్చే ఏడాది పదో తరగతిలో విద్యుత్, అయస్కాంతత్వం పాఠాలు వచ్చినప్పుడు క్లాసులో చేయెత్తి జవాబు చెప్పేవాడు అతనే కావచ్చు.

వైండింగ్ షాపుకు పంపితే మెకానిక్కే అవుతాడేమోనని మీరు భయపడి ఉంటారు. ఆ పనిని తక్కువగా చూడవద్దు, మన సీమలో బోరు మోటారు కాలితే రైతు పరిగెత్తేది ఆ షాపుకే. అలాగని అతను అక్కడే ఆగిపోవాలనీ లేదు. పదో తరగతి తరువాత ఎంపీసీ తీసుకోవచ్చు, లేదా పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరవచ్చు. నంద్యాలలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా తరువాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది. ఓర్వకల్లు దాటి గని, శకునాల వైపు వెళ్తే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కనిపిస్తుంది. ఒకసారి అతన్ని ఆ దారిన తీసుకెళ్లండి. ఇవన్నీ పదో తరగతి అయ్యాక తేల్చుకోవలసినవి, ఇప్పుడు ఏదీ ఖాయం చేయనక్కరలేదు.

చివరగా ఆ అడ్వాన్సు మాట. కట్టకండి. నెలాఖరు గడువు తల్లిదండ్రులు ఆలోచించుకోకుండా ఉండటానికి పెట్టేది. పదో తరగతి తరువాత ఇంటర్మీడియట్ అడ్మిషన్ల కోసం వాళ్లే మళ్లీ మీ ఇంటికి వస్తారు. అప్పటికి మీ అబ్బాయికి పదహారేళ్లు వస్తాయి. వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు అతన్నే అడగండి.