సమాధానం: ట్రాన్సిస్టర్ వేడెక్కుతోంది, బల్బు వెలగడం లేదు

తమ్ముడూ, స్లేయర్ ఎక్సైటర్ (తీగ కలపకుండానే దగ్గరి బల్బును వెలిగించే చిన్న టెస్లా కాయిల్ సర్క్యూట్) కట్టావు, 2ఎన్2222 ట్రాన్సిస్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, దగ్గర పెట్టిన సీఎఫ్ఎల్ మాత్రం వెలగడం లేదు అన్నావు కదా. టెన్షన్ పడకు. బ్యాటరీ తీసేసి, ప్రైమరీ (కొద్ది చుట్లే ఉండే కాయిల్) తీగ కొసలు రెండూ అటూ ఇటూ మార్చి కలుపు. చుట్ల దిశ తిరగబడితే ఫీడ్‌బ్యాక్ (కాయిల్ నుంచి ట్రాన్సిస్టర్‌కు తిరిగొచ్చే సిగ్నల్) కుదరదు, ఆసిలేషన్ (కరెంటు వేగంగా ఆగుతూ సాగుతూ ఉండడం) మొదలవదు. కరెంటంతా ట్రాన్సిస్టర్లో వేడిగా పోతుంది. నేను కట్టిన మొదటి కాయిల్‌కూ ఇదే జరిగింది.

అప్పటికీ వెలగకపోతే సెకండరీ (ఎక్కువ చుట్లున్న సన్నతీగ కాయిల్) కింది కొస చూడు. తీగ మీదుండే ఎనామిల్ పూత (కరెంటు దాటనివ్వని పొర) మీద సోల్డర్ అంటినట్టే కనిపిస్తుంది, లోపల కనెక్షన్ ఉండదు. ఎర్రటి రాగి మెరిసేదాకా సాండ్‌పేపర్‌తో గీకి ట్రాన్సిస్టర్ బేస్ కాలికి కలుపు. బేస్‌కు పెట్టే రెసిస్టర్ 22 కిలోఓమ్ సరిపోతుంది, తగ్గించకు. పనిచేస్తున్నప్పుడు పైకొసను మాత్రం ముట్టుకోకు, వేలు కాలుతుంది.