మాటలు రాని పాప ఏం వింటోందో ఎలా తెలుస్తుంది?

పసిపిల్లల మీద పరిశోధన చేసేవాళ్ల పని ఎలా ఉంటుంది, మాటే రాని బిడ్డకు ఏం వినిపించిందో వాళ్లకెలా తెలుస్తుంది అని అడిగారు. నేను పరిశోధకురాలిని కాదు, తల్లిని. మా పాపకు ఆరున్నర నెలలప్పుడు ఇక్కడ వాంకూవర్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కి తీసుకెళ్లాను. అక్కడ చూసింది చెబుతాను.

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక నాకు హెడ్‌ఫోన్స్ పెట్టి పాటలు వినిపించారు. శబ్దం మారడం నాకు వినబడితే నేను తెలియకుండానే కదులుతానట, పాప దాన్ని పట్టేస్తుందట. ఎదురుగా ఒక అమ్మాయి, తనూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే, బొమ్మలు ఆడిస్తూ పాప చూపు తనవైపే ఉండేలా చూసుకుంది. స్పీకర్‌లో ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంటుంది. అది మారగానే పక్కనున్న నల్లటి పెట్టెలో లైటు వెలిగి, ఒక జంతువు బొమ్మ డప్పు కొడుతుంది. కాసేపటికి పాపకు సంగతి అర్థమైపోయింది. శబ్దం మారితే చాలు, బొమ్మ ఇంకా కనబడకముందే పెట్టెవైపు తల తిప్పేస్తోంది. అలా తిప్పడమే పాప చెప్పే జవాబు.

నిజానికి ఇది మేం రెండోసారి వెళ్లినప్పటి మాట. మొదటిసారి నిద్రవేళ దాటిపోయి ఒకటే ఏడుపు. వాళ్లు ఏమాత్రం విసుక్కోకుండా ఆ రోజు పని ఆపేసి, పాప ఎప్పుడు నిద్ర లేస్తుందో, పాలు ఎప్పుడు తాగుతుందో రాసుకుని మళ్లీ రమ్మన్నారు. ఇలా ఒక్కో బిడ్డ వేళను బట్టి తమ రోజును మార్చుకునే వాళ్లను చూస్తే నాకు చాలా గౌరవం కలిగింది.

ఇదే పద్ధతిలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధన గురించి తర్వాత చదివాను. ఇంగ్లిష్ ఇళ్లలోని పిల్లలకు హిందీలోని త, ట వినిపించారు. మన త, ట లాంటివే. 6–8 నెలల పిల్లలు దాదాపు అందరూ తేడా పట్టారు. 10–12 నెలల వాళ్లలో చాలామంది పట్టలేకపోయారు. అదే వయసులో హిందీ వింటూ పెరుగుతున్న పిల్లలు మాత్రం పట్టారు.

అది చదివాక మావారి విషయంలో నాకు బాధనిపించింది. ఆయన ఇంగ్లిష్ తప్ప మరో భాష వినకుండా పెరిగిన మనిషి. నాకోసం తెలుగు నేర్చుకుంటూ ‘పాట’, ‘పాత’ రెండూ ఒకేలా ఉన్నాయనేవారు. శ్రద్ధ పెట్టడం లేదని ఎన్నోసార్లు కోప్పడ్డాను. ఆయనకు నిజంగానే ఆ తేడా వినిపించడం లేదు! సారీ చెప్పాను. పెద్దయ్యాక కూడా సాధనతో కొంత పట్టుకోవచ్చు కాబట్టి ఇప్పుడు నెమ్మదిగా పలికి వినిపిస్తున్నాను.

పాపకు ఫోన్‌లో తెలుగు పాటలు పెట్టి వదిలేయడం కూడా మానేశాను. ప్యాట్రీషియా కూల్ బృందం సియాటిల్‌లో చేసిన పరిశోధన 2003లో వచ్చింది. అందులో 9 నెలల అమెరికన్ పిల్లలు మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితేనే చైనీస్ శబ్దాలను నేర్చుకున్నారు, వీడియోతో నేర్చుకోలేదు. అందుకే స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు నేనే తెలుగులో మాట్లాడుతున్నాను.

మీ దగ్గర్లో ఇలాంటి ల్యాబ్ ఉంటే పాపతో తప్పకుండా వెళ్లండి. అపాయింట్‌మెంట్ మాత్రం పాప నిద్ర లేచి, పాలు తాగాక ఉండే టైమ్‌కే అడగండి.