రింగు పిట్టలు, దీపం పురుగులు

ప్రశ్న: మాస్టారూ, మాది భైరవపాలెం. మడ కాలవ ఒడ్డున తెగిన నైలాను వలముక్కలో చిక్కుకుని చచ్చిపోయిన ఉల్లంకి పిట్ట ఒకటి మా నాన్నకి కనబడింది. కాలికి చిన్న రింగు, దాని మీద అంకెలు ఉన్నాయి. ముట్టుకుంటే కేసవుతుందని ఒకరు, గూఢచారి పిట్టని ఇంకొకరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఇంటర్ విద్యార్థిని

జవాబు: భయపడకు తల్లీ. పిట్టలు ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నాయో తెలుసుకునేవాళ్లు తొడిగిన అల్యూమినియం రింగు అది. మన దేశంలో ఈ పని ఎక్కువగా చేసేది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అదీ 1920ల నుంచి. రింగు మీద చిన్న అక్షరాల్లో ఆ సంస్థ పేరూ, ఒక నెంబరూ ఉంటాయి. మాస్కో పేరున్న రింగులు కూడా మన దేశంలో దొరికిన సందర్భాలున్నాయి. ఈ పద్ధతికి దారి వేసిన మార్టెన్‌సెన్ డెన్మార్క్‌లో బడిపంతులు. 1899లో మన గోరింకకి చుట్టమైన స్టార్లింగ్ పిట్టలకి నెంబర్లున్న రింగులు వేసి వదిలాడు. అంతకుముందు ఈ ఏడు వచ్చిన పిట్టా పోయినేడు వచ్చిన పిట్టా ఒకటేనా అంటే చెప్పడం చాలా కష్టంగా ఉండేది.

రింగు ఎలా వేస్తారో కూడా చెబుతాను. కంటికి ఆనని సన్నటి వల నిలువుగా కడతారు. పడిన పిట్టని వెంటనే తీసి గుడ్డసంచిలో ఉంచుతారు. చీకట్లో అది గింజుకోదు. రెక్క పొడవు, ముక్కు పొడవు, బరువు చూసి, ఏ ఈకలు రాలి ఏవి కొత్తగా వస్తున్నాయో రాసుకుని, కాలి లావుకి తగ్గ రింగు వేసి వదిలేస్తారు. రింగు బిగుతుగా ఉండకూడదు, జారిపోనూ కూడదు. ఇదంతా అనుమతి ఉన్నవాళ్లే చేయాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మిగతావాళ్లు వల వేసి పిట్టల్ని పట్టడం నేరం. నెంబరు రాసి పంపడం మాత్రం ఏ రకంగానూ నేరం కాదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. రింగు మీద ఉన్న ప్రతి అక్షరం, అంకె ఉన్నదున్నట్టు రాసుకోండి, ఫోటో తీయండి. ఏ తేదీన, ఏ కాలవ దగ్గర, ఎలా దొరికిందో కలిపి రాసి ఆ సంస్థకి పంపండి. కోరింగ అభయారణ్యం అటవీ సిబ్బందికి చెప్పినా సరే. రంగు ప్లాస్టిక్ పట్టీలు కూడా ఉంటే ఏ కాలికి ఏ రంగు, ఏది పైన, ఏది కింద అన్నది ముఖ్యం. అవి ఏ తీరంలో కట్టారో ఆ వరస బట్టే తెలుస్తుంది. పిట్ట బతికే ఉంటే రింగు తీయొద్దు. తల మీద గుడ్డ కప్పి, వలదారం కత్తిరించి, నెంబరు చూసుకుని వదిలేయండి.

రింగు వేసిన పిట్టల్లో మళ్లీ మనిషి కంటపడేవి బహు కొద్ది. వాటిని చూడగలిగేది కాలవల్లో తిరిగే మీ నాన్నగారి లాంటి వాళ్లే. అందుకే ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషమేసింది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ పిట్టని చంపింది వలముక్క. పనికిరాని వలని బురదలో వదిలేయకుండా ఒడ్డుకి తెచ్చెయ్యమని మీ పేటలో అందరికీ చెప్పు. ఇది బతిమాలి చెబుతున్నాను.

ప్రశ్న: మేలో కోరింగ వెళ్తే పిట్టలే లేవు. వేసవిలో రింగులు వేసేవాళ్లు ఏం చేస్తారండీ?
– కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు చలికాలపు గుంపుల కోసం చూసుంటారు. అవి ఏప్రిల్ కల్లా ఉత్తరానికి మళ్లుతాయి. వెళ్లేముందు చూడాలండీ! డిసెంబరులో బూడిదరంగులో ఉండే వంపుముక్కు ఉల్లంకి ఇటుకరంగుకి తిరిగి, గుడ్లు పెట్టడానికి సైబీరియా దాకా పోతుంది. కాకినాడ తీరంలో చలికాలం గడిపే ఇండియన్ స్కిమ్మర్ అనే నీటిపిట్టలు కూడా వేసవిలో ఇక్కడ ఉండవు. చంబల్, మహానది లాంటి నదుల ఇసుకదిబ్బల మీద గుడ్లు పెడతాయి.

అయినా తీరం ఖాళీ కాదు. ఉల్లంకుల్లో ఇంకా ఈడు రాని పిల్లలు కొన్ని ఇక్కడే ఉండిపోతాయి. ఎండాకాలం రింగులు వేసేవాళ్లకి అవి విలువైనవే. కానీ వల తెల్లవారుజామునే కట్టి, ఎండ ముదరక ముందే విప్పేయాలి. గూళ్లున్న చోట అసలు కట్టకూడదు. తీతువుని చూడండి. అది వట్టి నేల మీద గుడ్లు పెట్టి, నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుంది. మీరు గూటి దగ్గర నిలబడి ఫోటోలు తీస్తున్నంతసేపూ అది దూరంగా అరుస్తూనే ఉంటుంది, గుడ్లు ఎండలో కాగుతుంటాయి. నెత్తి మీద తీతువు అరిస్తే వెంటనే వెనక్కి తిరగండి.

ప్రశ్న: కడియపులంక నర్సరీలో పని చేస్తాను. రాత్రి లైటు దగ్గర అరచేతంత పచ్చటి పురుగు వాలింది. రెక్కల మీద గులాబీ చారలు, తెల్ల గీతలు. విషపుదని మావాళ్లు చంపబోయారు.
– ఒక పాఠకురాలు

జవాబు: చంపనివ్వకండమ్మా, అది కుట్టదు, కరవదు. గన్నేరు, నందివర్ధనం ఆకులు తిని పెరిగే రెక్కల పురుగు అది. ఇంగ్లీషులో ఓలియాండర్ హాక్ మాత్ అంటారు. మీ నర్సరీ దానికి పుట్టిల్లే. దాని గొంగళి కూడా పచ్చగానే ఉంటుంది. తలవైపు నీలం కళ్లలాంటి మచ్చలు రెండు ఉంటాయి. తాకితే ఆ భాగం ఉబ్బించి భయపెడుతుందే తప్ప ఏమీ చేయదు. మొక్కకి రెండు మూడు గొంగళ్లుంటే మందు కొట్టక్కర్లేదు, చేత్తో తీసి పెరట్లో ముదురు గన్నేరు మీద వేయండి.

నిజానికి రాత్రి పురుగుల్ని మన రైతు కంటే జాగ్రత్తగా చూసినవాడు లేడు. సార్వాకీ దాళ్వాకీ పొలంలో దీపపు ఎర పెట్టి, ముందురెక్కల మీద ఒక్కో నల్లచుక్క ఉన్న పసుపు తల్లిపురుగులు పెరుగుతున్నాయంటే కాండం తొలిచే పురుగు వస్తోందనీ, చూసుకోకపోతే తెల్లకంకులు తప్పవనీ తెలుసుకుంటాడు. మీరు చేయాల్సిందీ అదే, కాకపోతే చంపడానికి కాదు. చంద్రుడు లేని రాత్రి తెల్ల పంచె కట్టి, ముందు ఒక బల్బు పెట్టి, వాలినవాటిని ఫోటో తీసి తేదీ రాసుకోండి. మన దేశంలో పదివేలకు పైగా ఇలాంటి రెక్కల పురుగుల (మాత్‌ల) జాతులున్నాయి. లంకల్లో, మడ అడవిలో ఏవేం ఉన్నాయో రాసి పెట్టే చేతులు చాలా తక్కువ. జులై చివర్లో ప్రపంచమంతా వీటి కోసం ఒక వారం జరుపుతారు, అప్పుడు మొదలుపెట్టినా బాగుంటుంది.

దీపం మీద మోజుతో అవి రావు. ఆకాశం వైపు వీపు ఉంచి ఎగరడం చాలా పురుగుల అలవాటు. దగ్గర్లో దీపముంటే అటు వీపు తిప్పి, దాని చుట్టూనే చిక్కుకుపోతాయని 2024లో అచ్చయిన పరిశోధన చూపించింది. అందుకే గంటో రెండు గంటలో చూసి ఆర్పేయండి. తెల్లారేదాకా ఉంచితే పికిలి పిట్టలు అలవాటుపడి పంచె మీదే వాటిని ఏరుకుతింటాయి.

ప్రశ్న: నేను ఏడో తరగతి, అమలాపురం. నేనూ పిట్టలకి రింగులు వేయొచ్చా?

జవాబు: ఇప్పుడు కాదు నాన్నా. శిక్షణ, అనుమతి రెండూ కావాలి. చేయి తప్పితే పిట్ట కాలు విరుగుతుంది. జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుంది, పెద్దవాళ్లతో కలిసి దానికి వెళ్లు. బైనాక్యులర్‌లో పిట్ట కాళ్లు చూడటం అప్పుడే అలవాటు చేసుకో.